బతికున్నట్టు ఆధారం

“నువ్వైనా చెప్పు, నేనెప్పుడు పోయాను?”

అమ్మ బఠాణీలు ఒలుస్తోంది. తలెత్తలేదు. నాన్న కూడా జవాబు కోసం అడిగినట్టు లేదు. ఎదురుగా కూర్చుని, గిన్నెలోంచి ఒక కాయ తీసుకుని, తనూ ఒలవడం మొదలుపెట్టాడు.

నిన్న సాయంత్రం ఆ ఫోన్ వచ్చిన దగ్గర్నుంచి ఆయన భోజనం ముట్టలేదు. అలాగని ఎవరినీ తిట్టనూ లేదు. బస్సు ఇంజను చప్పుడు మీదుగా అరిచి మాట్లాడటం అలవాటైపోయిన మనిషి, రిటైరయ్యాక కూడా ఉప్పు గిన్నె ఇటివ్వమని అడిగినా పక్కింటికి వినపడే మనిషి, ఇంత మెల్లగా మాట్లాడుతుంటే ఇంట్లో ఇద్దరు ఆడవాళ్లకీ కాళ్లూ చేతులూ ఆడటం లేదు.

ఫోన్ చేసింది కొడుకు నడిపే ఈత స్కూలు ఆఫీసులో పనిచేసే అమ్మాయి. పాపం, మర్యాదగానే అడిగింది. “కొత్త హాలుకి సార్ వాళ్ల నాన్నగారి పేరు పెడుతున్నాం కదండీ. కీర్తిశేషుల ఫోటో మంచిదొకటి పంపిస్తారా?”

“వెతికి పంపిస్తానమ్మా” అన్నాడు కీర్తిశేషుడు.

ఫోన్ పెట్టేశాక ఆయన అందులోనే కొడుకు పేజీ తెరిచి పెద్దమ్మాయి చేతికిచ్చాడు. ఈత అనగానే జనం ముందుగా తలుచుకునేది ఆ కొడుకునే. ఇంట్లో మాత్రం చిన్నప్పటి నుంచీ వాడు ‘చేప’. ప్రముఖుల జీవిత వివరాలుండే వెబ్‌సైట్‌లో చేప పేజీ చాంతాడంత ఉంది. పతకాలు, రికార్డులు అన్నీ అయ్యాక, వ్యక్తిగత జీవితం అన్నచోట ఇలా రాసి ఉంది: ‘చిన్నతనంలోనే తండ్రి మరణించారు. బస్సెక్కే స్తోమత లేక, తల్లి కొడుకును తెల్లవారకముందే నడిపించి ఈతకొలనుకు తీసుకెళ్లేవారు.’

బస్సెక్కే స్తోమత లేదట. బస్సు డ్రైవరు కొడుక్కి.

చంపితే చంపారు, ఆయన చేతిలోంచి బస్సు కూడా లాగేసుకున్నారు. డిపోలోంచి తీసిన ఖాళీ బస్సులో, మొదటి ట్రిప్పు మొదలవకముందే, పిల్లాణ్ణి ఇంజను పక్కన కూర్చోబెట్టుకుని కొలను గేటు ముందు దింపింది ఈయనే. ఆ సంగతి పై అధికారికి తెలిసి ఒకసారి మెమో కూడా ఇచ్చాడు. ఆ మెమో గురించి నాన్న తన మొదటి పతకమన్నట్టే చెప్పుకునేవాడు.

ఇక పెద్దమ్మాయి పరిస్థితి అడకత్తెరలో పోకచెక్క. ఆ వెబ్‌సైట్‌లో వివరాలు సరిచూసే విభాగానికి పెద్ద ఆవిడే.

*

“అమ్మా, నాన్న చనిపోయాడని పత్రికవాళ్లకి నువ్వు చెప్పావా?”

బఠాణీ గింజ ఒకటి గిన్నెలో పడకుండా నేల మీద దొర్లింది. అమ్మ వంగి తీసింది. అంత చిన్న గింజ తీయడానికి అంతసేపు పట్టనక్కర్లేదు.

“నేను చెప్పలేదు. వాడు చెప్పాడు. నేను పక్కన కూర్చున్నాను.”

“పేజీలో ఆధారం కింద నీ ఇంటర్వ్యూనే ఇచ్చారు. నీ ఫోటో కూడా ఉంది.”

“ఆ రాసుకునే పిల్ల నా వైపు తిరిగి, ‘ఆయన చనిపోయాక మీరు చాలా కష్టపడి ఉంటారు కదమ్మా’ అంది. అప్పటికే వీడు అంతా చెప్పేసి ఉన్నాడు. నేను కాదంటే అందరి ముందూ వాడు అబద్ధాలకోరు అవుతాడు కదే. అవునన్నాను.”

“నడిపించి తీసుకెళ్లానని కూడా అన్నావా?”

“అది కూడా వాడే అన్నాడు. నేను తలూపాను.”

“నీ మోకాళ్లతో నువ్వు వీధి మలుపు దాకా నడిస్తే గొప్ప” అన్నాడు నాన్న. “ఆ రోజుల్లోనూ అంతే. గుమ్మం ముందు బస్సు ఆపలేదని నాతో దెబ్బలాడేదానివి.”

మామూలుగా అయితే అమ్మ దీనికి నాలుగు మాటలు తగిలించేది. ఇవాళ కుక్కిన పేనులా ఉండిపోయింది.

నిజం చెప్పుకోవాలంటే మొదటి అబద్ధం నాన్నదే. ఆ ఈత స్కూల్లో హాస్టలుతో సహా ఉచితంగా ఉండే సీట్లు తండ్రి లేని పిల్లలకి మాత్రమే ఇచ్చేవారు. పిల్లాడు నీళ్లలో పడితే చేపే. బయట నేర్పించే తాహతు ఇంటికి లేదు. నాన్న ఒకరోజు గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని ఆ స్కూలుకి వెళ్లి, “వీళ్ల నాన్న లేడండీ, నేను బాబాయిని” అని చెప్పి సీటు తెచ్చాడు. అప్పట్నుంచి గేటు దగ్గర ఆయన బాబాయి. హాస్టల్లో మంచం ఖాళీ అయ్యేదాకా పొద్దున్నే బస్సులో దింపిందీ ఆ బాబాయే. చూడటానికి వెళ్లినప్పుడల్లా కొడుకు “బాబాయ్” అని పరిగెత్తుకొచ్చేవాడు. సెలవులకి ఇంటికొచ్చి కూడా ఒకసారి అలవాటులో “బాబాయ్, మంచినీళ్లు” అన్నాడు. ఇల్లంతా పడీపడీ నవ్వారు. అందరికంటే ఎక్కువ నాన్నే నవ్వాడు.

మొదటి పెద్ద పతకం వచ్చిన రోజున అందరికీ నిజం చెప్పేయాలని ఒప్పందం. పతకం వచ్చింది. దాని వెనక ఇంకా చాలా వచ్చాయి. చెప్పవలసిన మాట మాత్రం రాలేదు. ఇంట్లో ఎవరూ అడగలేదు కూడా. ఆ అబద్ధం గేటు దగ్గరే ఆగిపోయిందని పెద్దమ్మాయి అనుకుంది.

“పేజీ ఇవాళే మారిపోతుంది నాన్నా” అంది పెద్దమ్మాయి. “నేను ఫోన్ చేస్తాను.”

నాన్న ఆమె వైపు అదోలా చూశాడు. ఆ చూపుకి అర్థం ఆమెకి అప్పుడు తెలియలేదు.

*

ఫోన్ పట్టుకుని ఆమె మెట్ల మీదికి వెళ్లి కూర్చుంది. ఆఫీసులో ఎత్తింది ‘కళ్లజోడు’. ఆమె కింద పనిచేసే అమ్మాయి, మహా బుద్ధిమంతురాలు. పెద్దమ్మాయి పెట్టిన నియమాలు పెద్దమ్మాయి కంటే ఆ పిల్లకే బాగా గుర్తు.

“మా తమ్ముడి పేజీలో ఒక వాక్యం తప్పు. మా నాన్న బతికే ఉన్నాడు. తీసెయ్.”

“మేడమ్... ఆధారం పంపిస్తారా?”

“ఆధారం లోపల కూర్చుని బఠాణీలు ఒలుస్తోంది.”

“అంటే, అచ్చయింది ఏదైనా ఉందా మేడమ్? ఇప్పుడు మన దగ్గర చనిపోయారని రెండు ఆధారాలున్నాయి. మీ అమ్మగారి ఇంటర్వ్యూ, సార్ స్కూలు వాళ్ల పుస్తకం. బతికున్నారని ఒక్కటీ లేదు.”

“నేను చెప్తున్నాను కదా.”

“మీరు బంధువు మేడమ్. బంధువుల పేజీ బంధువులు ముట్టుకోకూడదు, నోటిమాట లెక్కలోకి రాదు. ఈ రూలు మీరే పెట్టారు. మంత్రిగారి మేనల్లుడు వచ్చినప్పుడు ఇదే చెప్పి పంపించారు కూడా.”

పంపించిన మాట నిజమే. ఆ రోజు ఆఫీసంతా చప్పట్లు కొట్టింది. తమ్ముడి పేజీ ఎప్పుడూ తెరవనని కూడా ఆ రోజే అందరి ముందూ అన్నది. చూస్తే చెయ్యి ఊరుకోదని. అన్నమాట మీద నిలబడింది. అక్కడ తండ్రిని పాతిపెట్టినా ఆమె కంటపడకపోవడానికి కారణం అదే.

“ఇంకో మాట మేడమ్. ఈ వాక్యం మీద ఇదివరకు ఒకరు రాశారు. వానాకాలంలో. మనం కుదరదని జవాబిచ్చాం.”

“ఎవరు రాశారు?”

“పేరు లేదు. చదవనా? ‘అయ్యా, ఈయన తండ్రి చనిపోలేదు. పిల్లవాడిని ఈతకు తీసుకువెళ్లింది ఆ తండ్రే, బస్సులో. నడిచి కాదు. వీలైతే సరిచేయగలరు. బస్సు సంగతి ఒక్కటి రాసినా చాలు.’ అంతే మేడమ్.”

మెట్టు చల్లగా ఉంది. ఆ చలి ఆమెకి అప్పుడే తెలిసింది.

“మనం ఏమని రాశాం?”

“అందరికీ వెళ్లేదే. ‘మీ ఆసక్తికి ధన్యవాదాలు. మీరు చెప్పిన విషయానికి ఆధారం లేనందున పరిశీలించలేము.’ కింద మీ పేరు. జవాబులన్నీ మీ పేరుతోనే వెళ్తాయి కదా. ఈ పేజీవి మీదాకా రానివ్వం, నేనే పంపాను.” కళ్లజోడు గొంతులో ఇప్పుడు భయం. “ఎవరో తెలుసా మేడమ్?”

ఆమె ఫోన్ పెట్టేసింది.

*

“నాన్నా, అది నువ్వే రాశావు.”

“ఆఁ.”

“పేరు ఎందుకు పెట్టలేదు?”

“పెడితే నీకు మాట వస్తుందని. మీ ఆఫీసులో వాళ్లు, మీ నాన్న బతికుండగా నీ కళ్లముందే ఇలా రాశారేమిటని అడుగుతారు కదా. ఎవరో చెప్పినట్టు ఉంటే, నువ్వు చల్లగా మార్చేస్తావనుకున్నాను.” ఆయన ఒలిచిన గింజలు గిన్నెలో వేశాడు. “ఒక్కొక్క అక్షరం వెతుక్కుంటూ కొట్టాను. మందుల షాపు బెంచీ మీద కూర్చుని. జవాబు తొందరగానే వచ్చింది. కింద నీ పేరు చూసి సంతోషపడ్డాను. తర్వాత పైన చదివాను.”

“అది నేను పంపలేదు నాన్నా. నా పేరు దానంతట అదే పడుతుంది. నేను చూడనైనా చూడలేదు.”

“చూడలేదా?”

“ఒట్టు.”

“నీకు కూడా తెలిసే జరిగిందనుకున్నానమ్మా” అన్నాడు నాన్న. “మీ అమ్మ సరేనంది, వాడు సరేనన్నాడు, ఇక నువ్వూ సరేనన్నావు. ముగ్గురూ కలిసి ఏదో ఆలోచించే చేసి ఉంటారు, ఇంటికి మంచిదేమోలే అనుకున్నాను.”

అలా అనుకుని వానాకాలం నుంచీ ఈ ఇంట్లోనే తిరిగాడు. ఆమె ఇచ్చిన టీ తాగాడు. సాయంత్రం ఆఫీసు నుంచి ఆలస్యమైతే బస్టాపు దాకా ఎదురొచ్చాడు. ఆమె చెప్పులు తెగితే కుట్టించుకొచ్చాడు. తనని కాదన్న కూతురనుకుంటూనే ఇవన్నీ చేశాడు. పెద్దమ్మాయికి అక్కడే నేల మీద కూలబడి ఏడవాలనిపించింది. కోపం కూడా వచ్చింది, అది ముందుగా తన మీద. ఇల్లు పట్టని నిజాయితీని ఆఫీసులో ఊరేగించుకుని, తిరిగి ఇంటికొచ్చి హాయిగా నిద్రపోయింది.

“నన్ను అడగొచ్చు కదా నాన్నా.”

“అడిగితే నువ్వు అవునంటే?”

ఆమె ఆయన ముందున్న గిన్నెలోంచి ఒక కాయ తీసుకుంది.

*

చేప మధ్యాహ్నానికి వచ్చాడు. కారు వీధి మొదట్లోనే వదిలి, టోపీ కళ్లమీదికి లాక్కుని నడిచి వచ్చాడు. ఈమధ్య ఈ ఇంటికి ఎప్పుడూ అలాగే వస్తున్నాడు. అభిమానుల గోల అని చెప్పేవాడు. అసలు కారణం ఇవాళ అందరికీ అర్థమైంది.

“ఫోన్ ఆఫీసువాళ్లు చెయ్యాల్సింది కాదు” అన్నాడు కూర్చోకుండానే. “నేను చూసుకుంటానని చెప్పాను. కొత్త పిల్ల, తెలియక చేసింది.”

“ఆ పిల్ల తప్పేముంది?” అంది పెద్దమ్మాయి. “లేడన్నారు, ఫోటో అడిగింది. లేడన్నదెవరు?”

“అక్కా, సీటు కోసం ఆ మాట చెప్పింది నాన్నే.”

“గేటు దగ్గర చెప్పాడు. నీకు సీటు కోసం చెప్పాడు. నువ్వు స్కూలు దాటాక దానితో నీకేం పని?”

“ఎందుకు లేదు? ఇప్పుడు ఆ స్కూలుకి నేనే పెద్దని. ఏటా ఎంతమంది తల్లులు వస్తారో తెలుసా? తండ్రి ఉన్న పిల్లలు, తినడానికి లేనివాళ్లు. రూలు ఒప్పుకోదని నేనే వెనక్కి పంపిస్తున్నాను. అలాంటి నేను దొంగ సీటులో చదివానని తెలిస్తే? ఆ సీటు ఎవరిదో, ఆ పిల్లాడేమయ్యాడో అని తవ్వితే?”

అది అబద్ధం కాదు. చేప గొంతు తగ్గించాడు.

“మొదటి పతకం రోజున చెప్దామనే అనుకున్నాను. మైకు పెట్టారు. ‘నాన్న ఉంటే ఎంత సంతోషించేవారో’ అని వాళ్లే అన్నారు. నాకు ఏడుపొచ్చింది. ఆ ఏడుపు చూసి జనం లేచి నిలబడ్డారు. ఆ తర్వాత ఇక ఎక్కడ చెప్పను?”

“ఆ రోజు నేను ఆ జనంలోనే ఉన్నానురా” అన్నాడు నాన్న. “నేనూ లేచి నిలబడ్డాను.”

చేప ఆయన వైపు చూడలేకపోయాడు. టోపీ తీసి చేతిలో తిప్పుతున్నాడు.

“పోనీ, నేను పోయాననే ఉండనీ” అన్నాడు నాన్న. “బస్సు సంగతి రాయించొచ్చు కదా. పోకముందు బస్సులో తీసుకెళ్లేవాడని. దానివల్ల నీకు వచ్చే నష్టమేముంది?”

“పుస్తకం రాసినవాళ్లు ఒప్పుకోలేదు నాన్నా. అమ్మ నడిపించిందంటే చదివేవాళ్లకి మనసు కరుగుతుందన్నారు. బస్సంటే... బస్సులో అందరూ వెళ్తారు కదా అన్నారు.”

“ఖాళీ బస్సులో ఎవరూ వెళ్లరు” అన్నాడు నాన్న.

అమ్మ బఠాణీల గిన్నె పక్కకి జరిపింది. తొక్కలన్నీ ఒక చోటికి చేర్చింది.

“సరే, ఒకటి అడుగుతాను” అన్నాడు నాన్న. “హాలు తెరిచే రోజున నేను రావచ్చా? వెనక కూర్చుంటాను. ఒకసారి పేరు చూసి వచ్చేస్తాను. గోడ మీద నా పేరు ఉంటుందంటే చూడాలని ఉండదూ?”

చేప చాలాసేపు ఆలోచించాడు. ఆలోచించి, నిజంగానే ఏదో మేలు చేస్తున్నవాడిలా, తండ్రి భుజం మీద చెయ్యి వేశాడు.

“రా నాన్నా. తప్పకుండా రా. గేటు దగ్గర పాత కాపలావాళ్లు ఇంకా ఉన్నారు, వాళ్లు నిన్ను గుర్తుపడతారు. బాబాయిగా వస్తే ఎవరూ ఏమీ అడగరు.”

వాడు అది ప్రేమగానే అన్నాడు. అంతకంటే ఘోరం ఇంకేముంటుంది? వాడికి తను ఏమన్నాడో కూడా తెలియలేదు. పెద్దమ్మాయి లేచి వాడి చెంప పగలగొట్టేదే. కానీ ఆమె కంటే ముందు అమ్మ లేచింది. మోకాళ్లు పట్టుకుని, గోడ ఆసరాతో, మెల్లగా.

“మరి నేనెవరితో వచ్చానని చెప్పమంటావురా?” అంది. “మా మరిదితోనా?”

“అమ్మా, నేనలా...”

“ఆ ఇంటర్వ్యూలో ఒక్కసారి అవునన్నాను. దానికి నన్ను విధవని చేశావు. ఇప్పుడు మొగుడి పక్కన మరిది అని చెప్పుకుంటూ కూర్చోమంటావు. ఇంకా ఏమేం అవునన్నానో చెప్పు, ఒకేసారి వినేస్తాను.”

అమ్మ భర్త వైపు తిరిగి ఆయన కళ్లలోకి చూడబోయి, చూడలేక, వంటింటి గుమ్మం పట్టుకుని నిలబడింది.

నాన్న లేచి లోపలి గదిలోకి వెళ్లాడు. అలమారు తలుపు తెరిచిన చప్పుడయింది. ముగ్గురూ కదలకుండా విన్నారు.

తిరిగి వచ్చేసరికి చేతిలో ఒక ఫోటో ఉంది. స్టీరింగు ముందు ఖాకీ చొక్కాతో ఆయన, పక్కనే తడి జుట్టుతో, తువ్వాలు చుట్టుకుని చేప. ఇద్దరూ పళ్లన్నీ కనపడేలా నవ్వుతున్నారు. బస్సు అద్దంలోంచి వెనకాల కొలను గేటు, గేటు మీద స్కూలు పేరు.

“హాలుకి ఫోటో అడిగారుగా” అన్నాడు. “ఇది ఇద్దాం. బాగుంది.”

“ఇది వద్దు నాన్నా” అన్నాడు చేప. “వేరేది చూద్దాం. బస్సు లేనిది, ఒక్కడివే ఉన్నది.”

“ఏది ఇస్తే ఏముంది? ఏ ఫోటోలో అయినా మొహం నాదే కదరా. గేటు దగ్గరవాళ్లు ఆ మొహాన్ని బాబాయి అంటారు.”

చేపకి అప్పుడు అర్థమైంది. హాలు గోడ మీద చనిపోయిన తండ్రి, గేటు దగ్గర బతికున్న బాబాయి, ఒకే మొహంతో. ఫోటో ఇవ్వకుండా హాలు తెరవలేడు. ఇస్తే దాచలేడు. వాడు రెండు అడుగులు ముందుకు వేసి చెయ్యి చాచాడు.

“ఇటివ్వు నాన్నా. నేను చూసుకుంటాను.”

నాన్న ఆ చేతిని చూశాడు. ఎన్ని కొలనులు ఈదిన చెయ్యి అది. ఒకప్పుడు పొద్దున చలికి వణుకుతుంటే తన అరచేతుల మధ్య పెట్టుకుని రుద్దిన చెయ్యి. ఇవ్వబోతున్నాడనే పెద్దమ్మాయి అనుకుంది. జీవితమంతా ఆ చెయ్యి అడిగినవన్నీ ఇచ్చిన మనిషే కదా.

ఆయన పక్కకి తిరిగి ఫోటో పెద్దమ్మాయి చేతిలో పెట్టాడు.

“ఆధారం కావాలని రాశావు కదమ్మా” అన్నాడు.

ఆ మాటలో నిష్ఠూరం లేదు. అడిగిన వస్తువు వెతికి తెచ్చి ఇచ్చినట్టే ఇచ్చాడు. ఇచ్చి, మళ్లీ తన కుర్చీలో కూర్చున్నాడు.

“అక్కా” అన్నాడు చేప. చాచిన చెయ్యి అలాగే ఉంచి, ఇప్పుడు ఆమె వైపు తిరిగాడు.